బాల్ కొట్టని జట్టు

బస్సు దిగే తీరు చూసి జట్టు బలం చెప్పగలిగినోణ్ని ఈ ఖమ్మం, భద్రాచలం చుట్టుపక్కల నేనొక్కణ్నే. పిల్లలు ఫుట్‌బోర్డు మీది నుంచి నేల మీద కాలు పెట్టేలోపలే, ఈ జట్టు సెమీఫైనల్ చూస్తదా, పొద్దుగూకకముందే ఇంటి బస్సు ఎక్కుతదా అని తేల్చేస్తా. నా పీడీ ఉద్యోగం మొత్తంలో, అంటే కాలేజీలో ఆటలు నేర్పిన ఇన్నేండ్లల్ల, ఒక్కసారి కూడా నా అంచనా తప్పలేదు.

ఈ ముక్క రాస్తుంటే మా ఇంటామె చాయ్ తెచ్చి నా భుజం మీది నుంచి చదివింది.

"ఒక్కసారి కూడానా?"

"రాసేటప్పుడు కొంచెం ఉప్పు ఎక్కువ పడ్తది లే."

"కొంచెమా? బస్తా బోర్ల పడ్డట్టుంది" అని గ్లాసు అక్కడ పెట్టి పోయింది.

సరే, దిద్దుకుంటా. తప్పింది. చానాసార్లు తప్పింది. తప్పినప్పుడల్లా రెఫరీదో ఎండదో తప్పని చెప్పి తప్పించుకున్న. కానీ ఒక్కసారి మాత్రం తప్పినందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటా. చెప్పాలనుకున్నది అదే.

మాది పెద్ద ఆటల లోకమేం కాదు. ఒక యూనివర్సిటీ కింద ఎనిమిది చిన్న కాలేజీలు. ఏడాదికొకసారి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీ, రెండు రోజులు. మొదటి రోజు ఎనిమిది జట్లు ఆడితే నాలుగు మిగులుతయి, రెండో రోజు ఆ నాలుగింట్ల ఒకటి గెలుస్తది. అచ్చంగ బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు ఏ కాలేజీకీ ఉండరు. కబడ్డీ ఆడేటోళ్ళను ఖోఖోల, ఖోఖో ఆడేటోళ్ళను బాస్కెట్‌బాల్‌ల నిలబెడ్తం. నా కాలంలో ఒక పిల్ల, బాల్ పట్టుకొని ఉరుకుతున్న అవతలి పిల్లను నడుం పట్టి కింద పడేసి, "ఔట్ సార్!" అని సంబరంగ నా దిక్కు చూసింది. నేను కూడా మర్చిపోయి చప్పట్లు కొట్టిన.

ఈ ఎనిమిదింట్ల ఏది గట్టిది, ఏది మెత్తది అని ముందే తేల్చి నంబర్లు ఇయ్యాలె. లేకుంటే రెండు గట్టి జట్లు మొదటి రోజే తన్నుకొని ఒకటి ఇంటికి పోతది, చేతగాని జట్టు ఉత్తగనే సెమీస్‌ల కూసుంటది. అందుకని అన్నిటికన్న గట్టిదానికి ఒకటో నంబరు, మెత్తదానికి ఎనిమిది. ఒకటికీ ఎనిమిదికీ మొదటి రోజు ఆట పెడ్తం. కొలువులో ఉన్న పీడీల్ల ఎవరు నంబర్లు ఇచ్చినా మిగతావాళ్ళందరూ లొల్లి పెడ్తరు. నేను రిటైరయిన, నాకు కాలేజీ లేదు, కాబట్టి నేను ధర్మరాజును. ఆ పని నా నెత్తిన పెట్టిండ్రు. ఇంట్ల కూసొని పేపర్ల అచ్చుతప్పులు లెక్కబెట్టుకునే ముసలోణ్ని యాదికి పెట్టుకొని ఏడాదికొకసారి పిలుస్తున్నందుకు వాళ్ళకు నేను రుణపడి ఉన్న. ఈ ముక్కల ఉప్పు లేదు.

కానీ పని తేలిక కాదు. ఏడాది పొడుగునా ఈ జట్లు ఒకదానితో ఒకటి ఆడేది తక్కువ. కారేపల్లి దిక్కు జట్టు అశ్వారావుపేట దిక్కు జట్టును ఓడగొట్టింది అనుకో. అశ్వారావుపేటోళ్ళు టౌన్ జట్టును ఓడగొట్టిండ్రు. అయితే కారేపల్లి టౌన్‌కన్న గట్టిదేనా? లేదు, పోయిన నెల టౌన్ కారేపల్లిని చిత్తు చేసింది. ఇగ ఎవరి తోక ఎవరి నోట్ల ఉన్నదో నువ్వే చెప్పు. పీడీలను అడుగుదామంటే, పోటీకి వారం ముందు నుంచి ఒక్కొక్కడు ఫోన్ చేసి మా సెంటర్ పిల్ల ఎగిరితే రింగుకు తల తాకుతది సార్ అంటడు. అబద్ధాలు చెప్పుడు నాకు కూడా వచ్చిన విద్యే కాబట్టి, వాళ్ళు చెప్పింది సగానికి కోస్తా, మిగిలిన సగం మళ్ళ కోస్తా. ఆఖరికి సంతల పుంజును చేతులకెత్తి చూసినట్టు, ముందురోజు సాయంత్రం ప్రాక్టీసుకు దిగిన పిల్లలను కండ్లతోనే తూకమేసి నంబర్లు ఇస్తా.

నేను చెప్పే ఏడాది పోటీ అశ్వారావుపేట దిక్కు ఒక కాలేజీల పెట్టిండ్రు. మంచి సిమెంటు కోర్టు, చుట్టూ పామాయిల్ తోటలు. బాల్ తోటలకు పోతే ఆకు మట్టల ముండ్లకు భయపడి ఎవ్వరూ పోకపోయేది, నువ్వు పో అంటే నువ్వు పో అని ఆట ఆగేది.

ఎనిమిదింట్ల ఒకటి భద్రాచలం దాటినంక అడివి అంచున ఉన్న కాలేజీ. పేరెందుకు, అడివంచు కాలేజీ అంటా. ఎక్కువమంది కోయ గూడేల పిల్లలు. వాళ్ళకు పీడీ లేడు, చెట్లూ మొక్కల పాఠం చెప్పే మేడం తోలుకొచ్చింది. పిల్లలు కోర్టుల దిగి బాల్ ఒకరికొకరు విసురుకునుడు మొదలుపెట్టిండ్రు. ఛాతీ కాడి నుంచి ఛాతీ కాడికి, గుండ్రంగ, మాటా పలుకూ లేకుండ. నేను చూస్తనే ఉన్న. ఒక్క పిల్ల కూడా బాల్‌ను నేలకు కొట్టలే. బాస్కెట్‌బాల్ అంటేనే బాల్ కొట్టుకుంట ఉరుకుడు గదా. నడక రాని పిల్లను పరుగు పందెంల నిలబెట్టినట్టుందని అనుకొని, ఆలోచన కూడా చెయ్యకుండ ఎనిమిదో నంబరు రాసిచ్చిన. ఒకటో నంబరు టౌన్ కాలేజీకి. వాళ్ళందరికీ ఒకే రంగు బూట్లు. నా అంచనాల బూట్ల బరువు ఎంతో ఇప్పుడు చెప్పను.

బోర్డు మీద నంబర్లు అంటించి, గేటు కాడ చాయ్ తాగుతుంటే అడివంచు కాలేజీ కెప్టెన్ పిల్ల వచ్చింది. పొడుగేం కాదు. జడ మడిచి రిబ్బన్ బిగించి కట్టుకుంది.

"సార్, మాకు ఎనిమిది ఎందుకు ఇచ్చిండ్రు?"

"నంబర్‌దేముంది బిడ్డా, ఆడేది నంబరా?"

"అయితే ఒకటి ఇయ్యిండ్రి."

చాయ్ గొంతుకు అడ్డం పడ్డది. దగ్గుకుంట అసలు ముచ్చట చెప్పిన. "మీ పిల్లలకు బాల్ కొట్టుడు రాదు బిడ్డా. ఒక్కసారన్న నేలకు కొట్టంగ నేను చూడలే."

"కొట్టాలని రూల్ ఉందా సార్?"

ఇన్నేండ్లు ఆ ఆట నేర్పినోణ్ని, రూల్సన్నీ మనసుల తిరగేసిన. బాల్ పట్టుకొని నడవద్దని ఉన్నది. కొట్టి తీరాలని ఎక్కడా లేదు.

"లేదు" అన్న.

"మరి?"

నేను చాయ్ గ్లాసుల చూసుకున్న. ఆ పిల్లే మళ్ళ మెల్లగ అన్నది. "యూనివర్సిటీ టీముకు పిల్లలను ఏరే సార్లు ఎల్లుండి వస్తరంట. రేపు టౌనోళ్ళ మీద ఓడితే మేం రేపే పోతం. మమ్మల్ని ఎవరు చూస్తరు? నాది ఫైనలియర్ సార్. యూనివర్సిటీకి ఆడితే బీపీఎడ్‌ల, అదే ఆటల టీచర్ చదువుల, సీటు వస్తదన్నరు. లేకుంటే మిరప తోటల కాయలు ఏరబోవుడే."

"నంబరు మార్చమంటవా?"

"వద్దు సార్. మళ్ళ ఆ సార్లందరూ మీ మీద పడ్తరు. ఎందుకిచ్చిండ్రో తెలుసుకుందామని వచ్చిన, అంతే."

ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదని అందరికీ చెప్తా. పట్టింది. మంచిగనే పట్టింది. పొద్దుగాల లేచినంక మాత్రం ఆ 'మరి' గుర్తొచ్చి ఇడ్లీ సయించలే. అది నిజం. రెండే తిన్న.

ఆటకు ముందు టౌన్ కాలేజీ పీడీ, ఒకప్పుడు నా దగ్గరే ఆడినోడు, వచ్చి నా చెయ్యి పట్టి ఊపిండు. "పెద్దసార్, మంచి ఎనిమిదిని ఇచ్చిండ్రు. పిల్లలకు చెమట కూడా పట్టదు."

"చూద్దాం తీ తమ్మీ" అన్న.

ఆట మొదలైంది. టౌన్ పిల్లలు బాల్ కొట్టుకుంట వచ్చి మొదట్ల గబగబ బాస్కెట్లు వేసిండ్రు. అడివంచు పిల్లలు తొణకలే. బాల్ చేతికి రాంగనే చేతి నుంచి పోతుండె. కోయ మాటల్ల ఒకరినొకరు పిలుచుకుంటుంటే బాల్ ఎటు పోతదో అవతలోళ్ళకు ఒక్క ముక్క అర్థం కాకపాయె. టౌన్ పిల్లలు నేర్చుకున్నదంతా బాల్ కొట్టుకుంట వచ్చే మనిషిని అడ్డుకునుడు. ఇక్కడ కొట్టుకుంట వచ్చే మనిషే లేదు. ఈమె కాడికి ఉరికేసరికి బాల్ ఆమె కాడ, ఆమె కాడికి ఉరికేసరికి రింగు కింద. సగం ఆట అయ్యేసరికి ఒకే రంగు బూట్లన్నీ ఒకే తీరుగ రొప్పుతున్నయి. "ఏయ్, బాల్‌ను కాదు, మనిషిని చూడుండ్రి!" అని వాళ్ళ పీడీ గొంతు చించుకున్నడు. ఏ మనిషిని చూడాల్నో వానికీ తెల్వదు.

ఆఖరి నిమిషంల అటూ ఇటూ సమానం. కెప్టెన్ పిల్లకు బాల్ వచ్చింది. ముందు ఖాళీ ఉంది, రెండుసార్లు కొట్టుకుంట పోతే రింగు కిందికి చేరుతది. నేను లోపల్లోపల "కొట్టు బిడ్డా, కొట్టు" అంటున్న. కొట్టలే. మూలకు విసిరింది, మూలన ఉన్న పిల్ల అటే తిప్పి విసిరింది, ఈలోపల రింగు కిందికి చేరిన కెప్టెన్ అందుకొని పైకేసింది. బాల్ బోర్డుకు తగిలి లోపల పడ్డది. ఒక్క బాస్కెట్ తేడాతో ఒకటో నంబరు ఇంటి బస్సు ఎక్కింది.

అప్పుడు నేను కుర్చీ ఎక్కి ఎగిరిన అని చెప్తా. ఎక్కలే. లేవబోతే మోకాలు పట్టేసి, పక్కనున్న స్కోరు రాసే ఆయన భుజం పట్టుకొని అట్లనే సగం వంగి ఉండిపోయిన. కండ్లల్ల నీళ్ళు మాత్రం వచ్చినయి. మోకాలికో, వేరేదానికో.

రెండో రోజు అశ్వారావుపేట దిక్కు జట్టు మీద వాళ్ళు ఓడిపోయిండ్రు, మామూలుగ కాదు, చిత్తుగ. ఆ పీడీ తెలివిగల్లోడు. మనిషి కాడికి పోవద్దు, ఇద్దరి నడుమ నిలబడుండ్రి అని పిల్లలకు చెప్పిండు. పాసులన్నీ దొరికిపోయినయి. అయినా యూనివర్సిటీ సార్లు చూడాల్సింది చూసిండ్రు. వాళ్ళ చెవిల ఆ పిల్ల సంగతి వేసింది నేనేనని చానారోజులు చెప్పుకున్న. అసలు జరిగింది ఏందంటే, వాళ్ళల్ల ఒకాయన "ఈ జట్టుకు ఎనిమిది ఇచ్చిందెవరు?" అని అడిగితే, నేను పామాయిల్ చెట్ల దిక్కు చూసుకుంట నిలబడ్డ. కెప్టెన్ పిల్లను వాళ్ళంతట వాళ్ళే ఏరుకున్నరు. యూనివర్సిటీకి ఆడింది, బీపీఎడ్ చేసింది, ఇప్పుడు అడివి దిక్కే ఒక ఆశ్రమ పాఠశాలల ఆటల టీచర్.

గెలిచినంక కారణం కావాలె గదా. నేనొకటి కనిపెట్టిన. గోదావరి పొంగినప్పుడల్లా వాళ్ళ కోర్టు మునుగుతది, నీళ్ళు తీసినంక ఒండ్రు మిగులుతది, ఒండ్రు మీద బాల్ కొడితే లేవదు, అందుకని ఆ పిల్లలకు నదే పాసులు నేర్పింది. ఎంత బాగుంది! సన్మానాలల్ల, వీడ్కోలు సభలల్ల చెప్పుకుంట తిరిగిన. చెప్పంగ చెప్పంగ ఇంకొంచెం పెరిగింది. నాకు ఒండ్రు సంగతి ముందే తెలుసనీ, టౌనోళ్ళ కండ్లు తెరిపిద్దామనే కావాలని ఎనిమిది ఇచ్చిననీ కలిపిన. ఆ రెండో ముక్క పచ్చి అబద్ధం. మొదటి ముక్క నిజమేనని నమ్మిన, ఎందుకంటే ఆ కాలేజీ మొకం నేనెన్నడూ చూడలే.

ఈ ఏడాది పోటీల ఆ టీచరమ్మ రెఫరీగ వచ్చింది. ఊదే సీటీ మెడల వేసుకొని కోర్టు మీద నడుస్తుంటే, నేను పెట్టిన నంబరు నిలవనందుకు నా కడుపు నిండిపోయింది. నా మాటే నెగ్గి ఉంటే ఆ సీటీ ఆ మెడల ఉండకపోవు. తప్పుడు అంచనా వేసినోని అంచనా నిజం కాకుండ కాపాడేటోళ్ళు అందరికీ దొరకరు. నాకు ఆ పిల్లలందరూ దొరికిండ్రు.

మధ్యాహ్నం నాకు శాలువ కప్పి మైకు ఇచ్చిండ్రు. ఇంకేముంది, గోదావరిని కోర్టు మీదికి తోలుకొచ్చిన. చప్పట్లు పడ్డయి. అన్నాలకాడ ఆ టీచరమ్మ పులిహోర ప్లేటు నా చేతిల పెట్టి పక్కన కూసున్నది.

"సార్, ఒక మాట చెప్తే ఏమనుకోరు గదా?"

"నువ్వు చెప్పాలె గాని బిడ్డా."

"మా కాలేజీ గుట్ట మీద ఉంటది. గోదావరి గుట్ట ఎట్ల ఎక్కుతది?"

నేను పులిహోరల పల్లీలు ఏరుకున్న.

"మరి ఒండ్రు?"

"ఒండ్రు లేదు గిండ్రు లేదు. మాకున్నది ఒకటే బాల్, దాంట్ల గాలి ఆగకపోయేది. కొడితే లేవకపోయేది. అందుకే విసురుకునుడు నేర్చినం."

"ఇక్కడి బాల్‌ల గాలి మంచిగనే ఉండె గదా. ఇక్కడెందుకు కొట్టలే?"

"కొట్టి చూసినం సార్, మీరు వచ్చి కూసోకముందు. మోకాలి కాడికి వస్తదనుకుంటే మూతికి వచ్చి తగిలింది, మా పిల్లల్ల ఒకదానికి పెదవి పగిలింది. రేపు గెలిస్తేనే ఎల్లుండి ఉంటం, ఎవ్వలన్న బాల్ కొట్టిండ్రో నేను కొడ్త అని అందరితోటి ఒట్టు పెట్టిచ్చిన. నది నేర్పలే, ఎవ్వలు నేర్పలే. భయపడి కొట్టలే సార్, అంతే."