వంతెన జరిగిన మధ్యాహ్నం

మా ఫోర్‌మన్ మామ పోయిన మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. నాంపల్లిలో మా పక్క వాటా ఆయనది. రక్తసంబంధం ఏమీ లేదు, అయినా గల్లీ అంతటికీ మామే. ఉద్యోగమంతా వంతెనల పనుల మీద ఫోర్‌మన్‌గా చేశారు. ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను గానీ, ఆయన్ని తలచుకుంటే నవ్వూ గర్వమూ ముందుకొస్తున్నాయి. అలాగే రాస్తాను.

చొక్కా జేబులో కళ్లజోడు పక్కన ఎప్పుడూ ఒక థర్మామీటరు ఉండేది. కొత్తగా కిరాయికి దిగినవాళ్లు ఆయన్ని కాంపౌండర్ అనుకుని పిల్లల జ్వరం చూడమనేవారు. "ఇది ఇనుప దూలాలకు పెట్టేదమ్మా, పోరని నోట్ల పెట్టకు" అని చెప్పి, అరచేత్తో నుదురు చూసి పంపేవారు.

ఒక మే నెలలో బట్టలారేసే తీగ జారిందని మా అమ్మ మిట్టమధ్యాహ్నం దాన్ని బిగిస్తుంటే పరుగెత్తుకొచ్చారు. "ఎండల బిగియ్యకు చెల్లే, చలికాలం వస్తే తీగ గుంజుకొని కొక్కెం పీకుతది." అమ్మ వింటుందా! జనవరిలో ఆ కొక్కెం గోడ పెచ్చుతో సహా ఊడొచ్చింది. మామ కొత్త కొక్కెం పట్టుకొచ్చి నవ్వుతూ నిలబడ్డారు. అది తిట్టుకంటే ఘోరం, అమ్మ వారం రోజులు ముఖం చాటేసింది.

నేను సివిల్ ఇంజినీరునై ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాను. నా చేతికి వచ్చిన మొదటి పని అబిడ్స్‌లో జనం రోడ్డు దాటడానికి కట్టే ఇనుప వంతెన. అలాంటి వంతెనకు ఒక చివర కదలకుండా బిగిస్తాం. రెండో చివర స్తంభం మీది పలకపై జారేలా వదిలేస్తాం, ఎండకు ఇనుము పొడవు పెరిగినప్పుడు అటు జరగడానికి. ఇదంతా చదివి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

ప్రారంభానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ ఎండలో, ఆ జారే చివర కింద స్తంభానికి వెంట్రుకంత పగులు కనబడింది. మా మేనేజరు తేలిగ్గా తీసిపారేశారు. "సిమెంటు పూసి రంగేస్తే ఎవలకు కనవడ్తదమ్మా? సర్టిఫికెట్ మీద సంతకం పెట్టు." పెడితే దాని మీద నడిచే జనానికి జవాబుదారు నేను. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. మామకు ఫోన్ చేశాను.

మోకాళ్ల నొప్పులతోనే ఆటోలో దిగారు. వద్దంటున్నా నిచ్చెన ఎక్కి, వంతెన చివర వేళ్లతో తడిమారు. "బిడ్డా, గిదేంది? జారే పలకను కింది పలకకు వెల్డింగ్ కొట్టిన్రు!"

వెల్డర్ సంబరంగా ముందుకొచ్చాడు. "ఔ సార్, వదులుగ ఉండె. జనం నడిస్తే కదుల్తదని మంచిగ పట్టిచ్చిన."

ఆ పని చూసి అతని భుజం తట్టి భేష్ అన్నది ఇంకెవరో కాదు, నేనే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మామ అతన్ని తిట్టలేదు. "ఏం కొట్టినవ్ రా, గింత సాఫ్! జర కచ్చాగ కొట్టుంటే దానంతటదే ఊడిపోతుండె" అని నవ్వారు. తర్వాత నాతో అన్నారు: "ఎండకు ఇనుము పెరుగుతది బిడ్డా. మనం జాగ ఇయ్యకుంటే స్తంభం పగలగొట్టి తీస్కుంటది."

అప్పటికప్పుడే కోసేద్దామన్నాను. ఆయన ఆపారు. "ఏ పూట కొట్టినవ్ రా?" "పొద్దుగాల, సార్." "కోసుడు గూడ పొద్దుగాలనే. ఎండల కోస్తే బిగవట్టినదంత ఒక్కసారి తంతది."

మేనేజరు మండిపడ్డారు. కోసినా జరగకపోతే ఏంటన్నారు. జరగకపోతే నా రాజీనామా తీసుకోండని అనేశాను. మామ నా వైపు చూసి, గొంతు తగ్గించి, "ఫికర్ చెయ్యకు" అన్నారు.

మర్నాడు చల్లటి పూట వెల్డింగ్ కోశాం. పలకల మధ్య గ్రీజు పెట్టించి, రెండింటినీ కలిపి మామ పెన్సిలుతో ఒక నిలువు గీత గీశారు. ఇక ఎదురుచూపే. తొమ్మిదికి ఏమీ లేదు. పదింటికీ లేదు. మేనేజరు గడియారం చూసుకున్నప్పుడల్లా నేను వెళ్లి గీత చూసొచ్చాను. మామ మాత్రం థర్మామీటరు ఇనుముకు ఆనించి చాయ్ తాగుతూ కూర్చున్నారు.

పన్నెండు దాటాక కీచుమని చిన్న చప్పుడు. గీత రెండు ముక్కలైంది! పై ముక్క కింది ముక్కను వదిలి పక్కకు జరిగింది. ఒంటిగంటకు వాటి మధ్య ఎడం చిటికెన వేలి గోరంత. నేను గట్టిగా అరిచేశాను. వెల్డర్ ఈల వేశాడు. మేనేజరు ఫోన్ తీసి ప్రారంభం వాయిదా వేయించారు. పగులును పద్ధతిగా బాగుచేశాకే సంతకం పెట్టాను. ఈ రోజుకీ ఆ స్తంభం చెక్కుచెదరలేదు.

ఆ మధ్యాహ్నం మామ నిచ్చెన దిగి, మోకాళ్ల సంగతే మరిచిపోయి, నేరుగా రోడ్డు మీదికి నడిచారు. ట్రాఫిక్‌లో ఒక సిటీ బస్సు ఆగి ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ కాస్త ఎడం ఉంచి, చెయ్యి పైకెత్తి, కిటికీల్లోని ముఖాలకు చూపిస్తూ అరిచారు. "గింత జరిగింది! బ్రిడ్జి గింత జరిగింది!" ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫుట్‌బోర్డు మీది కండక్టరు మాత్రం ఆయన ముఖంలో ఆనందం చూసి, తన వేళ్లతోనూ అంతే ఎడం చేసి, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా అలాగే ఎత్తి పట్టుకున్నాడు.