పాలు కారే లెట్యూస్ కాడ

“పాలు కారతాండాది చూడు. జిల్లేడు విరిచినా ఇట్లనే కారతాది. దీన్ని నా గంపలో పెట్టమంటావా?”

“జిల్లేడు కాదత్తా, లెట్యూస్. ఈ రకంలో ఆకు కంటే కాడే తింటారంట.”

“తింటారంట, తింటారంట! తిన్నోళ్ళు యాడుండారు? ఒక్కర్ని చూపీ.”

“రేపొక్క దినం అమ్మి చూడత్తా. ఇంక రెండు దినాలు పోతే పూతకొస్తాది.”

“నీ మడి ఖాళీ కావాలని నా గిరాకీలను చంపుకోవాల్నా?”

నిరుడు చలికాలంలో, లేపాక్షి దగ్గర మా పల్లెలో, మా ఇంటి వసారాలో జరిగిన జగడం ఇది. మారెక్క మా వీధి కోడలు. వరసకు నన్ను అత్తా అంటుంది. ఆమె మడుల్లో ఆకుకూరలు పండిస్తే, నేను మొదటి బస్సుకు హిందూపురం తీసుకెళ్ళి మార్కెట్లో అమ్ముతాను. నేను చదివింది మూడో తరగతి. అయినా కాడ విరిచి చూస్తే ఏ పూట కోశారో చెప్పగలను.

ఈ కాడ మాత్రం అంతుబట్టలేదు. మూరెడు పొడవు, మొక్కజొన్న కంకి లావు. ఒళ్ళంతా ఆకులు రాలిన మచ్చలు, పైన ఒక కుచ్చు. పెనుకొండ వైపు నర్సరీ పెట్టిన ఒకాయన విత్తనాలిచ్చి, బెంగుళూరు హోటలు వాళ్ళు తోట దగ్గరికే వచ్చి కొంటారని చెప్పాడట. తీరా పంట చేతికొచ్చాక వాళ్ళు రామన్నారు. ఎందుకు రామన్నారు? మంచి సరుకైతే వదిలేస్తారా? నా అనుమానమంతా అక్కడే.

ఈ పంటకు ‘బోల్టింగ్’ అనే బెడద ఉంది. ముదిరినా, ఎండ ఎక్కువైనా మొక్క ఒక్కసారిగా పూతకు లేస్తుంది. అప్పుడు కాడ పీచు పట్టి పనికిరాకుండా పోతుంది. మారెక్క మెంతికూర, కొత్తిమీర మానుకొని రెండు మడుల్లో దీన్నే పెట్టింది. ఇది పాడైతే మడులు తన తమ్ముడికి అప్పగించి, ఆమెను హిందూపురం గార్మెంట్స్ పనికి పంపుతానని మొగుడు తేల్చి చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ కరగలేదు.

కరగకపోవడానికి కారణం ఉంది. పురుగుమందు కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులను ‘వెయిటింగ్ పీరియడ్’ అంటారు. చాన్నాళ్ళ కిందట ఒకాయన ఆ రోజులు ఆగకుండా కోసిన కొత్తిమీరను నేను నమ్మి అమ్మాను. ఒక టీచరమ్మ ఇంట్లో పిల్లలకు వాంతులయ్యాయి. ఆమె నన్ను తిట్టను కూడా లేదు. మరునాటి నుంచి నా గంప ముందు తల తిప్పుకొని పోయింది. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది: కొత్త సరుకేదైనా ముందు నేను వండుకొని తినాలి. తెల్లారి మామూలుగా లేస్తేనే అది గంపలోకి ఎక్కాలి.

“మందెప్పుడు కొట్టినావు?” అని అడిగాను.

“వేపకషాయం తప్ప ఏమీ కొట్టలేదత్తా. నా బిడ్డ మీద ఒట్టు.”

“ఒట్లు గట్టు మీద పెట్టి, రెండు కాడలిచ్చి పో.”

ఒక కాడను కడిగి, బిళ్ళలుగా తరిగి పప్పులో వేశాను. మా ఇంట్లో బీరకాయ తొక్క కూడా పచ్చడవుతుంది. ఏదీ దిబ్బలో పడదు. దీని తొక్కా తీయలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఒకటే పీచు, చేదు. ఊసేశాను. మిగిలిన ముక్కలు మేకకు వేస్తే తినేసింది. కానీ మేక జిల్లేడు కూడా తింటుంది, దాని సాక్ష్యం చెల్లదు.

మారెక్కను పిలిపించాను.

“విషం పెడితివి గదమ్మే నాకు!”

ఆమె గిన్నెలోకి తొంగి చూసింది. “తొక్క తీయలేదా అత్తా?”

“తొక్క పారేసే అలవాటు ఈ ఇంట్లో లేదు.”

“దీని చేదంతా తొక్కలోనే ఉండాదంట. మందంగా చెక్కి పారేయాలని నర్సరీ ఆయన చెప్పినాడు.”

“ఆ ముక్క ముందే చెప్పలేకపోతివా?”

“నన్ను నోరెత్తనిస్తే గదా!”

రెండో కాడను ఆమే తీసుకొని, లేత పచ్చరంగు తేలేదాకా చెక్కింది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. నేను రెప్ప వేయలేదు.

“మింగినావా? నోరు తెరువు.”

తెరిచి చూపించింది. అప్పుడు నేనూ ఒక ముక్క కొరికాను. లేత దోసకాయలా కరకరమంది. మిగిలింది ఎండుమిరపకాయలు, వేరుశనగ పొడి వేసి వేయించి, సంగటిలోకి తిన్నాను.

“బాగుండాదా అత్తా?”

“బాగుండేది వేరే, బతికుండేది వేరే. తెల్లారనీ.”

నేను చెట్టును అనుమానించాను, విత్తనాలిచ్చినాయనను అనుమానించాను, మారెక్కనూ అనుమానించాను. నా వంటను మాత్రం అనుమానించలేదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ తప్పు నాకు ఆ రోజే కనిపించింది.

మరునాడు వెలుగు రాకముందే తలుపు తీస్తే, మారెక్క మెట్టు మీద కూర్చొని ఉంది. తల కూడా దువ్వుకోలేదు. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“బాగుండావా అత్తా?”

“నాకేమి? నువ్వేంటికి ఇంత పొద్దున్నే వచ్చినావు?”

“నేనూ నిన్ననే అత్తా మొదటిసారి తినింది.”

తిట్టడానికి టైము లేదు. ఇద్దరం మడికి పోయి కోత మొదలుపెట్టాం. గార్మెంట్స్ వ్యాను వీధి మలుపులో ఆగి రెండుసార్లు హారన్ కొట్టింది. మారెక్క తలెత్తలేదు. నేను తడి గోనెపట్టలో కాడలు చుట్టుకొని మొదటి బస్సు ఎక్కాను. మార్కెట్లో ఒక కాడ చెక్కి పైన పెట్టాను. అడిగిన ప్రతి మనిషి ఎదుటా ముందు నేనొక ముక్క తిని, తర్వాత వాళ్ళ చేతిలో పెట్టాను. ఎండెక్కేసరికి గంపలో నాలుగే మిగిలాయి. మారెక్కకు ఫోన్ చేశాను.

“రెండో మడి కూడా కొయ్యమ్మే. తొక్క తీయాలని అందరికీ చెప్పే అమ్మినా.”