ఊపిరి బిగబట్టిన మామ కారు

ఆ రోజుల్లో నాచారం గాలికి రుచి ఉండేది. ఒక సందులో బిస్కెట్ల తీపి, ఇంకో సందులో మందుల చేదు, నేను పనిచేసే సందులో మాత్రం కారం. మాది మసాలా పొడుల ఫ్యాక్టరీ. మిర్చి మర నడిచే వేళ మా గేటు ముందు నుంచి వెళ్లే సిటీ బస్సు మొత్తం ఒకేసారి తుమ్మేది (డ్రైవరు తుమ్మినప్పుడు బస్సు కూడా కాస్త ఎగిరేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను). డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో అక్కడ నేను మెయింటెనెన్స్ ట్రైనీని. పేరు గంభీరంగా ఉంది కదా? పనేమిటంటే సంచులు దులపడం. మర నుంచి వచ్చే గాలి బయటికి పోయే ముందు పెద్ద పెద్ద గుడ్డ సంచుల్లోంచి వెళ్లాలి. కారం గుడ్డకు అంటుకుంటుంది, గాలి ఒక్కటే బయటపడుతుంది. ఆ సంచులు పూడుకుపోతే గాలికి దారి ఉండదు, మర "ఊఁ... ఊఁ..." అని మూలగడం మొదలుపెడుతుంది. మూలుగు వినబడగానే నేను కళ్లకు అద్దాలు, మూతికి తువ్వాలు కట్టుకుని సరిహద్దుకు వెళ్లే సైనికుడిలా బయలుదేరేవాణ్ని. బంధువులు నాకు "మిర్చి ఇంజనీరు" అని పేరు పెట్టారు. ఏ పెళ్లికెళ్లినా నన్ను వంటల దగ్గరికి పంపి కూర ఘాటు చూడమనేవాళ్లు. ఆ అవమానాలన్నిటికీ ఒకే ఒక్క వారంలో బదులు తీర్చుకున్నాను. కొంచెం గొప్పలు పోతాను, ఓర్చుకోండి. నా జీవితంలో గొప్పలు పోదగ్గ వారాలు ఎక్కువ లేవు.

మా మేనమామ ఉప్పల్‌లో ఉండేవాడు. రైల్వేలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా ఒకే స్కూటరు నడిపాడు. ఆ స్కూటరును ఆయన చూసుకున్నంత బాగా మా అత్తయ్యను చూసుకోలేదని అత్తయ్యే చెప్పేది. రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాడు. తెల్లగా పుట్టి, ఎన్నో చేతులు మారి, ఉప్పల్ దుమ్ములో బాదంపాల రంగుకు వచ్చిన కారు. కొన్న రోజే మా అమ్మమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, నీ మొక్కు నా కార్లనే తీరుస్త. గుట్ట మీది దాంక నేనే తోలుకపోత" అన్నాడు. యాదగిరిగుట్ట మొక్కు. అమ్మమ్మ ఆ మాట వాడకట్టులో చెప్పని గడప లేదు. కొన్ని నెలలకు ఒక శనివారం ముహూర్తం కూడా పెట్టేశారు.

సరిగ్గా అప్పుడే కారు మొరాయించింది. అదీ మామూలు మొరాయింపు కాదు. స్టార్టు చేస్తే బుద్ధిగా అయ్యేది. నిలబడి ఉన్నంతసేపు పెళ్లిచూపుల్లో కూర్చున్నంత అణకువగా ఉండేది. గేరు వేసి యాక్సిలరేటరు నొక్కితే మాత్రం వెనక ఎవరో చొక్కా పట్టుకు లాగుతున్నట్టు కదలనని భీష్మించేది. ఎంత నొక్కితే అంత నెమ్మది. నాచారం నుంచి ఉప్పల్ వచ్చే దారిలో చిన్న ఎత్తు దగ్గర మమ్మల్ని ఒక చెరకురసం బండి దాటిపోయింది (తోపుడుబండే; పైగా దాన్ని తోస్తున్న పెద్దాయన మధ్యలో ఆగి బీడీ కూడా వెలిగించుకున్నాడు).

మామకు అసలు భయం కారు గురించి కాదు, అత్తయ్య తమ్ముడి గురించి. ఆయన ఉండేది సైనిక్‌పురిలో. మేమంతా "కెప్టెన్" అనేవాళ్లం. సైన్యంలో నిజంగా ఏ హోదాలో ఉండేవాడో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆయనకు కొత్త కారుంది. కబురు తెలిసిన సాయంత్రమే ఆ కారులో దిగి, మామ కారు చుట్టూ పరేడ్‌లా ఒక చుట్టు తిరిగాడు.

"ఏం బావా, బండి రిటైర్మెంటు తీసుకున్నదట గద? నీకు తోడైంది."

"జర సుస్తీ జేసిందంతే. శనివారం వరకు లేస్తది."

"ఎందుకు బావా తిప్పలు? మీ అమ్మను నా బండ్ల కూసోబెడ్త. నువ్వు గూడ కూసో, వెనుక సీటు ఖాళీగనే ఉంటది."

ఆ "వెనుక సీటు" అన్న మాట దగ్గర మామ ముఖం చూడాల్సింది. రైలు వెళ్లిపోయిన ప్లాట్‌ఫారంలా అయిపోయింది. బావమరిది కారులో, వెనక సీట్లో, అమ్మ మొక్కుకు! ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. అది చూడలేక నేను నోరు జారాను. "మామా, ఫికర్ జెయ్యకు. నేను సూస్త" అన్నాను. అత్తయ్య ఎంతో మర్యాదగా, "అల్లుడూ, అది కారయ్యా, కారం కాదు" అంది.

మర్నాడు ఉప్పల్ రింగురోడ్డు పక్కనున్న షెడ్డుకు కారు తోసుకెళ్లాం. అక్కడి ఉస్తాద్ మంచి పనివాడు, మంచి మాటకారి. ప్లగ్గులు మార్చాడు. గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. పెట్రోలు పంపు విప్పి, చూసి, మళ్లీ బిగించాడు. కారు మాత్రం తన పట్టు వదల్లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు. ఒకాయన పెట్రోలు కల్తీ అన్నాడు, ఇంకొకాయన దిష్టి అన్నాడు. మామ రెండూ నమ్మి ట్యాంకు ఖాళీ చేయించి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. కారు వాటి మీదికి ఎక్కడానికి కూడా ఆయాసపడింది.

నేను పక్కన స్టూలు మీద కూర్చుని దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు నటిస్తున్నాను. ఉస్తాద్ మరోసారి యాక్సిలరేటరు నొక్కాడు. అప్పుడు వినబడింది. "ఊఁ... ఊఁ..." ఆ మూలుగు నాకు తెలుసు! రోజూ ముక్కు కారుస్తూ వినే మూలుగు. ఇది తిండి దొరకని ఇంజను గోడు కాదు. ఊపిరి వదలడానికి దారిలేని ఇంజను గోడు.

"ఉస్తాద్, లోపటికి పోయేదంత సూసినవ్. బయటికి వచ్చేది సూసినవా?"

"బయటికి పొగ వస్తది తమ్మీ. పొగను ఏం సూస్తరు?"

నేను లేచి, కారు వెనక్కి వెళ్లి, ఘనంగా వంగి, సైలెన్సర్ గొట్టానికి అరచేయి అడ్డం పెట్టాను. ఉస్తాద్ యాక్సిలరేటరు నొక్కాడు. గొట్టంలోంచి గాలి వచ్చింది గానీ, ఏం గాలి అది! ముసలాయన పుట్టినరోజు కొవ్వొత్తి ఊదినంత. రిపేరై పక్కన నిలబడ్డ అదే రకం కారు గొట్టం దగ్గర చేయి పెడితే చేయి వెనక్కి తోసేసింది. అంటే ఇంజనుకూ గొట్టానికీ మధ్య ఎక్కడో దారి పూడుకుంది. ఆ దారిలో ఉండేది కేటలిటిక్ కన్వర్టర్. పేరు పెద్దదైనా అది పొగను శుభ్రం చేసే ఒక జల్లెడ డబ్బా. లోపల తేనెపట్టులా సన్నసన్నటి రంధ్రాలుంటాయి. నా భాషలో చెప్పాలంటే, కారుకు ఉన్న గుడ్డ సంచి.

"గదే పూడుకపోయింది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే పరాయిగా, రేడియోలో వార్తలు చదివేవాడి గొంతులా వినిపించింది.

ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. "అనుడు కాదు తమ్మీ, రుజువు జూపియ్యి. ఆ డబ్బా ఉత్తగ విప్పి పారేసెటిది కాదు."

రుజువు కూడా నా దగ్గర ఉంది. మరలో సంచి పూడిందా లేదా అని అనుమానమొస్తే, సంచికి ముందున్న చిన్న మూత తెరిచి చూసేవాళ్లం. మూలుగు ఆగితే తప్పు సంచిదే. కారులోనూ ఆ డబ్బాకు ముందు, గొట్టంలోకి మరబిగించిన చిన్న సెన్సర్ ఒకటి ఉంటుంది. ఇంజను చల్లారాక దాన్ని విప్పించాను. "ఇప్పుడు స్టార్టు జెయ్యి" అన్నాను. చేశాడు. అంతే! ఆ చిన్న రంధ్రంలోంచి ఇన్నాళ్లు బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆ గర్జనకు ఎదురుగా టిఫిన్ బండి మీద పెనంలో దోసె తిరగబడిందట. (ఎవరూ తిప్పకుండానే. చూసినవాళ్లు ఉన్నారు.) ఉస్తాద్ కారును షెడ్డు ముందు అలా ఒక చక్కర్ తిప్పాడు. ఇందాకటిదాకా నిమ్మకాయ ఎక్కలేని కారు వడిసెల రాయిలా దూసుకుపోయింది! దిగి వచ్చి నా వీపు మీద చరిచాడు. ఆ నొప్పి నాకు ఇప్పటికీ బంగారు పతకంలా గుర్తుంది.

సెన్సర్ బిగించి, డబ్బా విప్పి చూస్తే లోపలి తేనెపట్టంతా నల్లగా, జిడ్డుగా, తారు పోసినట్టు ఉంది. "ఇది ఆయిల్ తాగిన బండి" అన్నాడు ఉస్తాద్. మరి ఇంజను ఆయిల్ చూస్తే ఒక్క చుక్క తగ్గలేదు. ఆయిల్ ఎక్కణ్నుంచి వచ్చింది? ఉస్తాద్ తల పట్టుకున్నాడు. నేను స్పేరు టైరు చూద్దామని డిక్కీ ఎత్తాను. టైరు పక్కన పసుపు గుడ్డలో భద్రంగా చుట్టి ఒక ఆయిల్ డబ్బా, ఒక కొలత మూత. స్కూటర్లకు పెట్రోల్లో కలుపుతారే, ఆ టూటీ ఆయిల్.

మామ చటుక్కున నా చేయి పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్లాడు.

"ఒక్క మూతనే రా అల్లుడా. ట్యాంకు నింపినప్పుడల్లా ఒక్క మూత."

"మామా! కారుకు టూటీ ఆయిల్ ఎవలు పోస్తరే?"

"స్కూటర్‌కు పొయ్యలేదా? గంత చిన్న స్కూటరే తాగితే, గింత పెద్ద కారు తాగకుంట ఎట్లుంటది? లోపల ఎండుకపోతదని పాణం గుంజింది రా." గొంతు తగ్గించి, "మీ అత్తకు జెప్పకు. కెప్టెన్‌కైతే సచ్చినా జెప్పకు" అన్నాడు.

మరి డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగలేదా అని అడిగాను. వెలిగిందట. రాత్రిళ్లు కళ్లలో పడుతోందని దాని మీద అత్తయ్య స్టిక్కర్ బొట్టొకటి మామే అంటించాడట. నేను వెళ్లి చూశాను. నిజమే. కుంకుమ రంగు బొట్టు వెనక ఆ దీపం నెలల తరబడి ముత్తయిదువలా వెలుగుతూనే ఉంది.

ఉస్తాద్ కొత్త డబ్బా తెప్పించి శుక్రవారం బిగించాడు. శనివారం పొద్దున అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో, నేను, అత్తయ్య వెనక, మామ స్టీరింగు దగ్గర. మేడిపల్లి దాటే దాకా మామ ఊపిరి తీసుకోలేదు. కెప్టెన్ తన కొత్త కారులో మా వెనకే వస్తున్నాడు, మేం దారిలో ఆగిపోతే ఎక్కించుకుందామని, ఎంతో దయగా. గుట్ట ఎత్తు మొదలైంది. మామ గేరు మార్చి యాక్సిలరేటరు నొక్కాడు. అమ్మమ్మ కళ్లు మూసుకుంది. నేను చెవులు రిక్కించాను. మూలుగు లేదు. మలుపు తర్వాత మలుపు, కారు మేకపిల్లలా ఎక్కేసింది. అద్దంలో చూస్తే కెప్టెన్ కారు ఒక లారీ వెనక చిక్కుకుని చిన్నదైపోతోంది.

పైన కారు దిగిన కాసేపటికి కెప్టెన్ వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. "శభాష్! ఇంతకూ బండికి ఏమైందయ్యా?"

అది నా జీవితంలో అత్యంత కష్టమైన ఘడియ. చెబితే కథ మొత్తం చెప్పాలి. ఆ మూలుగు, అరచేయి, గర్జన చెప్పి, చివర్న ఆ ఆయిల్ డబ్బా చెప్పకపోతే ఆ కథకు తోకలేదు. మామ గోపురం కేసి అమితమైన భక్తితో చూస్తున్నాడు. నేను "పాత బండి గద సార్, పొగ పట్టింది" అన్నాను. నా పరిశోధన అంతా ఆ నాలుగు ముక్కల్లో పూడ్చిపెట్టాను. మామ నా వైపు తిరగలేదు గానీ, ఆయన భుజాలు మాత్రం దిగాయి.

అమ్మమ్మ మాత్రం నన్ను పూడ్చనివ్వలేదు. దర్శనం వరుసలో ముందువాళ్లకూ వెనకవాళ్లకూ, "మా మనుమడు ఇంజనీరు. వెనుక శెయ్యి వెట్టిండు, బండి లేసి ఉరికింది" అని చెబుతూనే ఉంది. "మిర్చి" అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

మొన్న మామ ఫోన్ చేసి రమ్మన్నాడు. కారు ఎప్పుడో పోయింది. ఈ వయసులో వద్దంటే వినకుండా, కూరగాయల మార్కెట్ దాకా వెళ్లడానికని బ్యాటరీ స్కూటరు కొన్నాడు. వెళ్లేసరికి దాన్ని పాత గుడ్డతో తుడుస్తున్నాడు. అత్తయ్య లోపలికి వెళ్లిందని నిర్ధారించుకుని, నా చెవి దగ్గరికి వంగి, "అల్లుడా, ఇండ్ల ఎంత కలపాలె?" అన్నాడు.

"ఏం కలపొద్దు మామా."

"ఒక్క మూత గూడనా?"

నేను మోకాళ్లు రెండూ టపటపమని పేలుతుండగా స్కూటరు వెనక వంగి, పాత అలవాటు కొద్దీ అరచేయి చాచాను. అక్కడ గొట్టమే లేదు. చేయి కాసేపు అలా గాల్లోనే ఉండిపోయింది.