మూడు వేళ్ళకు దొరకని నాడి

దెయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, చిరాకు వస్తుంది. మా పుట్టింటి గోడకు అవతలే శ్మశానం. ఇంట్లో లొల్లి ఎక్కువైతే ఆ గోడ మీద కూర్చునే ఇంటర్ పరీక్షలకు చదివాను. పెళ్ళయి లాల్‌దర్వాజా వచ్చాక, గల్లీలో ఎవరో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయను అందరూ తప్పుకుని పోతుంటే, నేను తొక్కుకుంటూ పోయేదాన్ని. మా అత్తమ్మకు నా మీదున్న కోపాల్లో అదొకటి.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, చదివాక "పిరికిది, ఏదో ఊహించుకుంది" అనేవాళ్ళు ఉంటారు. పిరికిదాన్నే. కానీ నా భయం దెయ్యాల గురించి కాదు, మా ఒక్కగానొక్క చిన్నోడి గురించి.

వాడు ఎనిమిదో నెలలోనే పుట్టాడు. పుట్టగానే అద్దాల పెట్టెలో పెట్టారు. కుట్ల నొప్పితో గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, ఎలా ఉన్నాడని అడిగాను. అక్కడి నర్సు వాడి చేతిని వేళ్ళతో పట్టి చూసింది. నా వైపు తల కూడా తిప్పకుండా తలుపు వేసేసింది. నా కొడుకు ఎలా ఉన్నాడో ఆమె వేళ్ళకు తెలుసు, నాకు తెలియదు. ఆ మూసిన తలుపు ముందు నాకు పుట్టిన కసి ఇంకా చల్లారలేదు.

ఆ కసితోనే, వాడు కాస్త పెద్దయ్యాక, హెల్త్ సైన్సెస్ డిప్లొమాలో చేరాను. బీకాం చదివి, మళ్ళీ ఇంటర్ అయిపోయిన పిల్లల పక్కన మొదటి బెంచీలో కూర్చున్నాను. క్లాసులు హుస్సేనీ ఆలంలో ఒక పాత బిల్డింగు పై అంతస్తులో జరిగేవి. మా ఆయన పెళ్ళిపత్రికల ప్రెస్సులో పని చేస్తాడు. సరే అన్నాడు, ఇక ఆ విషయంలో నోరు విప్పలేదు. ఆయన అనని మాటలన్నీ అత్తమ్మే అంది.

"డిగ్రీ సదివి ఒకళ్ళ ఉచ్చ సంచులు మోస్తవా? థూ!"

తిడుతూనే పొద్దున్నే చిన్నోడిని చంకలో వేసుకునేది. ఆమె లేకపోతే నా చదువు సాగేది కాదు. అది ఆమెకూ తెలుసు, అందుకే ఇంకా గట్టిగా తిట్టేది.

క్లాసులో మాకు మొదట నేర్పింది నాడి చూడడం. మణికట్టు మీద, బొటనవేలి వైపు, మూడు వేళ్ళు పక్కపక్కన ఆనించాలి. గట్టిగా నొక్కకూడదు, మరీ తేలిగ్గా పెట్టకూడదు. మన బొటనవేలు మాత్రం ఎప్పుడూ వాడకూడదు. అందులో మన నాడే కొట్టుకుంటుంది, ఎదుటివాళ్ళదనుకుని మనది మనమే లెక్కపెడతాం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు ఇదేనని మా సార్ పదేపదే చెప్పేవారు.

ఇంట్లో నేను మొదట పట్టింది చిన్నోడి నాడి. దొరికిన రోజు ఏడ్చాను. తర్వాత అది నాకు అలవాటైపోయింది. వాడు అన్నం తింటున్నా, ఆడుతున్నా, నిద్రపోతున్నా పట్టి చూసేదాన్ని. వాడి నాడికి ఒక తీరుంది. ఊపిరి పీల్చినప్పుడు పరిగెత్తుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. కంగారుపడి సార్‌ని అడిగితే, పిల్లల్లో అది మామూలేనమ్మా అన్నారు. వంద మంది పిల్లల చేతులు వరసగా పెట్టినా, కళ్ళు మూసుకుని వాడిది చెప్పగలననుకునేదాన్ని.

"పసిపిల్లగాని పానం లెక్కవెడ్తరా ఎవరన్న? దిష్టి తాకుతది," అనేది అత్తమ్మ. నేను వినలేదు.

తర్వాత మమ్మల్ని దబీర్‌పురా వైపు ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు పంపారు. అక్కడ కిటికీ పక్క మంచం మీద ఒక ముసలామె ఉండేది. గుండె జబ్బు. మేమంటే ఆమెకు అసలు గిట్టేది కాదు. తెల్ల కోట్లు వేసుకుని గుంపుగా వస్తే చాలు, "అగో, వచ్చినయ్ కోళ్ళు, పొడుసుకు తినెతందుకు," అనేది. పక్క మంచాలవాళ్ళు నవ్వేవాళ్ళు. మాకూ నవ్వొచ్చేది.

నేను వెళ్తే మాత్రం వెటకారం ఉండేది కాదు. చేతిని దుప్పటి కింద దాచుకుని, నన్నే చూసేది. ఒకరోజు, పెద్దమ్మా, ఒక్కసారి పల్స్ చూస్తాను, నొప్పేమీ ఉండదు అని బతిమాలాను.

"పిల్లలున్నరా నీకు?" అంది.

ఒక బాబు అన్నాను.

"అయితే పోయి వాని చెయ్యి పట్టుకో. నాది ముట్టకు."

ఆ మాటలో ఏమీ లేదు. రోగులు అంతకంటే ఘోరంగా తిడతారు. కానీ ఆమె నెమ్మదిగా, నా ముఖంలోకి చూస్తూ అంది. నేను ఆ మంచం దాటి వెళ్ళిపోయాను. ఆమె బతికుండగా ఆమె చేతిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

కొన్నాళ్ళకు, పట్టపగలు, వార్డంతా ఎండ పడుతున్న వేళ ఆమె చనిపోయింది. డ్యూటీ డాక్టర్ చూసి, పోయిందని చెప్పి వెళ్ళిపోయారు. మానిటర్ మీద గీత తిన్నగా ఉంది. ఆమె కూతురు మందుల కోసం కిందికి వెళ్ళింది, ఆమెకింకా తెలియదు. సూదులు తీసేసి, చేతులు సరిగ్గా పెట్టమని ఇన్‌ఛార్జ్ సిస్టర్ నాకు చెప్పింది.

చేయి సర్దుతుంటే నా వేళ్ళు అలవాటుగా మణికట్టు మీదికి వెళ్ళాయి. మూడు వేళ్ళే. నా బొటనవేలు గాలిలో ఉంది. ఈ మాట ఎంతమంది ముందైనా చెప్తాను.

నాడి కొట్టుకుంటోంది.

ఆ వయసు మనిషిది కాదది. గబగబా, తేలిగ్గా కొట్టుకుంటోంది. కాసేపు పరిగెత్తి, కాసేపు నెమ్మదించి, మళ్ళీ పరిగెత్తుతోంది. ఊపిరి పీల్చినట్టు, వదిలినట్టు. నేను ఆమె రొమ్ము వైపు చూశాను. అది కదలడం లేదు. లేని ఊపిరికి అనుగుణంగా ఆ నాడి నడుస్తోంది. దాన్ని నేను గుర్తుపట్టాను. రోజూ ఇంట్లో పట్టేదే.

"సిస్టర్, పల్స్ ఉంది!" అని అరిచాను.

సరిగ్గా అప్పుడే మందుల కవరుతో కూతురు లోపలికి వచ్చింది. డాక్టర్ పరిగెత్తుకొచ్చారు. మెడ దగ్గర చూశారు, స్టెత్ పెట్టారు, కళ్ళలోకి లైటు వేశారు. ఏమీ లేదు. తల్లి పోయిన సంగతి, బతికుందన్న అబద్ధం, రెండూ ఆ కూతురికి ఒకేసారి తెలిశాయి. వచ్చి నా కోటు కాలరు పట్టుకుంది.

"సచ్చినంక గూడ మా అమ్మను ఇడువరా మీరు? మీ సదువులకు మా అమ్మనే దొరికిందా?"

సిస్టర్ నన్ను వరండాలోకి లాక్కెళ్ళి, బొటనవేలు పెట్టావు కదా, ఒప్పుకో అంది. పెట్టలేదన్నాను. ఒప్పుకోకపోతే కోర్సులోంచే తీసేస్తారని బెదిరించింది. అందరి ముందు క్షమాపణ చెప్పించారు. చెప్పాను, కానీ బొటనవేలు పెట్టానని మాత్రం చెప్పలేదు. మెట్ల మీద నా క్లాసు అమ్మాయి, "క్యా ఆపా, బీకాం కర్‌కే భీ అంగూఠా ఛాప్?" అని నవ్వింది. చదువురాక బొటనవేలి ముద్ర వేసేవాళ్ళను మా బస్తీల్లో అంగూఠా ఛాప్ అంటారు. ఆ పేరు కోర్సు అయ్యేదాకా నన్ను వదల్లేదు.

ఇంటికి దాదాపు పరిగెత్తాను. చిన్నోడు గడప దగ్గర కూర్చుని, వాళ్ళ నాన్న ప్రెస్సు నుంచి తెచ్చిన పాడైన పెళ్ళిపత్రికలతో ఇల్లు కడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. జ్వరం లేదు, పెదాలు ఎర్రగా ఉన్నాయి. ఏమీ కాలేదు. వాడి చేయి తీసుకుని మూడు వేళ్ళు పెట్టాను.

ఏమీ తగల్లేదు.

వేళ్ళు జరిపాను. రెండో చేయి చూశాను. కొంచెం నొక్కాను. వాడు చక్కిలిగిలి అని నవ్వుతున్నాడు, నా వేళ్ళ కింద మాత్రం ఏమీ లేదు. రొమ్ముకు చెవి ఆనిస్తే గుండె చక్కగా కొట్టుకుంటోంది. అత్తమ్మ చేయి లాక్కుని చూశాను. ఆమె నాడి తిట్టినంత గట్టిగా తగిలింది.

"పిచ్చి లేసిందా నీకు?" అని చేయి విదిలించుకుని, అత్తమ్మ ఇంకో మాట అంది. "వాడు గూడ గిట్లనే. ఇందాక చెయ్యి కడుగుదామంటె ఎనుక దాసుకున్నడు. ముట్టకు, ముట్టకు అంటడు."

పిల్లలందరూ అనే మాటే. నాకు తెలుసు.

గల్లీ చివర డాక్టర్ దగ్గరికి ఎత్తుకుపోయాను. ఆయన పట్టగానే దొరికింది. "బాగుందమ్మా, ఇగో," అని నా వేళ్ళను తీసి తన వేళ్ళు పెట్టిన చోటే పెట్టారు. నాకు తగల్లేదు. అలసిపోయావు, పడుకో అన్నారు. వేళ్ళలో నరాలేమైనా దెబ్బతిన్నాయేమోనని తర్వాత వేరే చోట చూపించుకున్నాను. ఏమీ లేదన్నారు.

ప్రాక్టికల్ పరీక్షలో నాడి బాగా చూసినందుకు మెచ్చుకున్నారు. ఇప్పుడు ఒక క్లినిక్‌లో పని చేస్తున్నాను. ఎవరికీ అందని ముసలివాళ్ళ నాడి కూడా నాకు దొరుకుతుంది, అందుకని నన్నే పిలుస్తారు. అత్తమ్మ దిష్టి తీస్తానంటే తీయనిచ్చాను. ఆ నిమ్మకాయను తొక్కలేదు. అయినా వాడి నాడి నాకు దొరకలేదు. ఇప్పుడామె వాడికి కాస్త జలుబు చేసినా, "సదువుకున్నవ్ గద, సూడు," అంటుంది. ముసలామె అన్న మాట ఆమెకు చెప్పలేదు. చెప్తే నిజమేనని నమ్మి, నన్ను తిట్టడం కూడా మానేస్తుందని నా భయం.

ఒత్తిడి అన్నారు, మనసు చేసే మాయ అన్నారు. నాకూ చదువు ఉంది, నేనూ అలాగే చెప్పుకుని చూశాను. అయితే అందరి నాడినీ పట్టే ఈ వేళ్ళకు, దేని కోసం ఈ చదువు చదివానో అదొక్కటే ఎందుకు దొరకదో ఏ పుస్తకంలోనూ లేదు.

ఇది రాస్తున్నప్పుడు చిన్నోడు నా పక్కనే నిద్రపోతున్నాడు. కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమచేత్తో వాడి మణికట్టు పట్టుకున్నాను, బొటనవేలితో. వేలి కింద కొట్టుకుంటోంది. అది నాదేనని నాకు తెలుసు. వాడు నిద్రలోనే చేయి లాక్కుని దుప్పటి కింద దాచుకుంటాడు. నేను మళ్ళీ వెతికి పట్టుకుంటాను.