మా బావ కూమ్ అయిన పూట

మా అక్క మొగుడు స్పాసోయె జ్లాటిబోర్ కొండల్లో నీటిమర నడిపేవాడు. మంచివాడే గానీ, ముందు చేసేసి తర్వాత ఆలోచించే రకం. పై పొలం వూకొమాన్‌తో వాగు నీళ్ల గురించి తండ్రుల నాటి నుంచీ పగ. ఆ పగలోనే మా మేనకోడలు స్తామెనా, వూకొమాన్ చిన్నకొడుకు రాయ్‌కో ఒకరినొకరు ఇష్టపడ్డారు. సంగతి తెలిసి మా బావ కొన్నాళ్లు రుసరుసలాడి, చివరికి మెత్తబడ్డాడు.

"పెళ్లి చేసేస్తే నీళ్ల గొడవా తీరుతుంది కదరా," అన్నాడు నాతో.

కబురు పంపేలోగా వూకొమానే వచ్చాడు. చంకలో పెద్దకొడుకు బిడ్డ, చేతిలో కత్తెర. పిల్లల ప్రేమ సంగతి పాపం అతనికి తెలీదు.

"దేవుడి మీద, సెయింట్ జాన్ మీద ఆన! మా వాడి పుట్టువెంట్రుకలు నువ్వే తియ్యాలి, నాకు కూమ్‌వి కావాలి. ఇక పోట్లాడే ఓపిక లేదయ్యా, వాగు నీళ్లు నీకే వదిలేస్తా."

ఆ ఆన పెట్టి అడిగితే మా కొండల్లో ఎవరూ కాదనరు. మా బావ కళ్లు తుడుచుకుంటూ ఓ కుచ్చు కత్తిరించాడు. ఇద్దరూ కావలించుకున్నారు. నేను సంబరంగా సారా పోస్తున్నాను. లోపల స్తామెనా చేతిలోంచి మట్టి కంచం జారి భళ్లున పగిలింది. అప్పుడు గానీ మాకు బుర్ర వెలగలేదు. కూమ్‌ల ఇళ్ల మధ్య పెళ్లంటే అన్నాచెల్లెళ్లకు ముడిపెట్టినట్టే.

మర్నాడు బావ నన్ను బడిపంతులు దగ్గరికి లాక్కెళ్లాడు.

"అసలు కూమ్ అంటే ఏంటి పంతులుగారూ?"

"లాటిన్ నుంచి వచ్చిందంటారు. బిడ్డకి కన్నవాళ్లతో పాటు మరో తండ్రి అన్నమాట. రష్యా వాళ్లకీ, పోలండ్ వాళ్లకీ, బల్గేరియా వాళ్లకీ ఉంది ఆ మాట."

"వాళ్లకీ పెళ్లి కుదరదా?"

"ఒక్కోచోట ఒక్కోలా. ఉక్రెయిన్‌లో కలిసి తాగే దోస్తునీ కూమ్ అంటార్ట."

"అక్కడ దోస్తు, ఇక్కడ నా పిల్ల మెడకి ఉరా! మాటేమో అరువుది, కట్టుబాటు మాత్రం మనదా?"

పంతులు బడిగంట కొట్టడానికి లేచాడు. తిరిగొచ్చే దారంతా బావ అదే ప్రశ్న నన్నడిగాడు. నాకేం తెలుసు, నా మొహం!

వూకొమాన్ మాట నిలబెట్టుకుని నీళ్లన్నీ వదిలాడు. మర ఆగకుండా తిరిగింది. మొక్కజొన్న కోతలయ్యాక రాయ్‌కో మర పట్టించడానికి గింజల మూట మోసుకొచ్చాడు. కూమ్ ఇంటి ఆడపిల్లని ఎలా పిలవాలో అలాగే పిలిచాడు, తలెత్తకుండా.

"ఎక్కడ దించను, కూమా?"

"ఆ మూల పెట్టు, కూమ్," అంది స్తామెనా.

మా బావ బయటికి నడిచి, మర మీదికి నీళ్లు వదిలే వాగు తలుపు తనే దించేశాడు. మర ఆగిపోయింది. తరతరాలు పోట్లాడిన నీళ్లు పక్కనుంచి పారిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు.