సార్ ఒప్పుకున్న తప్పు

స్టేషన్ ఘన్‌పూర్‌లో మా సార్ పోయారని ఫ్లయింగ్ క్లబ్ గ్రూపులో చూసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. నాకు విమానం నడపడం నేర్పిన మనిషి ఆయన.

ఎక్కే ముందు రెక్కను ఎద్దు వీపు తట్టినట్టు తట్టేవారు. మాది నెల్లికుదురు దగ్గర తండా అని తెలిసిన రోజు, "ఇంగ్లీషు రేడియోల మాట్లాడు బిడ్డా, నాతోని మనలెక్క మాట్లాడు" అన్నారు.

గాల్లో తలుపు తెరుచుకుంటే చిన్న విమానం కూలిపోతుందనే మీరూ అనుకుంటారు. కూలదు. ఎదురుగాలి దాన్ని బెత్తెడుకు మించి తెరవనివ్వదు. హోరు పెరుగుతుంది, ముక్కు కాస్త పక్కకు లాగుతుంది, వేగం కొంచెం తగ్గుతుంది. కాలి కింది పెడల్‌తో సరిచేసుకుంటూ మెల్లగా దిగొచ్చు. ఇదంతా క్లాసులో విన్నదే. అయినా ఓ పొద్దున నేల విడిచిన కాసేపటికే నా పక్క తలుపు తెరుచుకోగానే కంట్రోల్ వదిలేసి రెండు చేతులతో దాన్నే పట్టుకున్నాను. విమానం ఎడమకు ఒరిగిపోయింది.

"తలుపు ఇడ్శిపెట్టు! అది పడగొట్టది, నువ్వు పడగొడ్తవ్!"

సారే కంట్రోల్ అందుకుని, చుట్టు తిప్పి, మెత్తగా దింపారు. కింద క్లబ్ పెద్దసారు తలుపు గడియ ఎవరు వేయలేదని అడిగారు. వేయాల్సింది నేనే.

"నేను వేసిన. ఈ సారే మళ్ల తెరిచిండ్రు" అన్నాను.

సార్ నావైపు ఒక్కసారి చూశారు. "అవును, తెరిచి మళ్ల ఏసుడు మర్శిపోయిన" అన్నారు.

నెల రోజులు ఆయనను విమానం ఎక్కనివ్వలేదు. ఆ నెలంతా బోర్డు ముందు నిలబడి నాకే పాఠం చెప్పారు, గొంతులో ఏ తేడా లేకుండా. లైసెన్సు వచ్చాక కూడా నేను నోరు విప్పలేదు.

సార్ పోయిన పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను, చెప్పేయాలనే.

"నెల్లికుదురు పిల్లవు నువ్వేనా?" అంది సార్ భార్య, టీ ఇస్తూ. "దాని చెయ్యి మంచిదని మీ సారు అంటుండె." అంతలోనే నవ్వింది. "తలుపెయ్య మర్శిపోయి నెల రోజులు కింద కూసున్నడు గదా! అప్పటిసంది ఇంట్లకెల్లి ఎల్లినప్పుడల్లా 'గీ తలుపన్న ఏస్తివా?' అంటుంటి. నవ్వి ఊకుంటుండె."

"అమ్మా, ఆ తలుపు వెయ్యనిది నేను. సార్ మీద అబద్ధం చెప్పిన."

ఆమె నవ్వు ఆగిపోయింది. లేచి సార్ ఫోటో దగ్గరికి వెళ్లింది.

"నాకన్న చెప్పకపోతివి" అంది ఫోటోతో.

కొంగుతో అద్దం తుడవసాగింది. దాని మీద దుమ్మేమీ లేదు. నేను చెప్పులు వేసుకుని తిరిగి చూసినప్పుడూ తుడుస్తూనే ఉంది.