దాపల స్పీకర్లు

1998లో నేను కాకినాడలో పడవల తనిఖీ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. పడవలో ఏ మార్పు చేసినా మేము చూసి సంతకం పెట్టాకే అది నీళ్లమీదికి వెళ్లాలి. ఆ చలికాలంలో కోటిపల్లి రేవుకు వెళ్లాల్సి వచ్చింది. రామచంద్రపురం వైపు రైతు సూర్యారావుగారు గది ఉన్న చిన్న తెరచాప పడవ కొన్నారు. భార్యాపిల్లలతో గోదావరి దిగి, సముద్రం మీదుగా కాకినాడ చేరాలని ఆయన సరదా. దారిలో పాటలు కూడా కావాలి.

గది వెనక గోడకు అవతల, చుక్కాని పట్టేవాడి ఎదురుగా, కుడివైపు దిక్సూచి ఉంది. స్పీకరులో ఉండే అయస్కాంతం దాని ముల్లును లాగేస్తుంది. ఇనుప సామానూ అంతే. అందుకని గది లోపల వెనక గోడకు స్పీకర్లు ఎడమవైపే బిగించమని వడ్రంగికి చెప్పాను. లంగరు, గొలుసు పెట్టుకోవడానికి బల్ల కింది ఖాళీకి కోసే తలుపు కూడా ఎడమవైపే ఉండాలన్నాను.

మళ్లీ వెళ్లేసరికి పని పూర్తయింది. వడ్రంగి వీరభద్రం తలుపుకు తీర్చిన అంచు చూస్తే ముచ్చటేసింది. మర్నాడు తెల్లవారే ప్రయాణం. పిల్లలు అప్పుడే పడవెక్కి పాటలు పెట్టుకుని కూర్చున్నారు. నాకు మాత్రం మనసు కుదురుగా లేదు. ఏదో తేడాగా ఉంది, అదేమిటో అందడం లేదు. గదిలోకి వెళ్లాను, బయటికొచ్చాను, మళ్లీ వెళ్లాను.

"ఏంటండీ, పొద్దుపోతోంది, సంతకం పెట్టేయండి," అన్నారు సూర్యారావుగారు.

గట్టెక్కి నా చేతి దిక్సూచితో పడవ ముక్కు ఎటు ఉందో చూశాను. పడవలోని ముల్లు ఇంకో దిక్కు చెబుతోంది. స్పీకర్లే లాగుతున్నాయన్నాను.

"పాట ఆపేశానుగా అండి, ఇంకేంటి?" అన్నారాయన. స్విచ్చి ఆపితే పాట ఆగుతుంది గానీ అయస్కాంతం ఆగదని చెప్పాను. స్పీకర్లు సరిగ్గా దిక్సూచి వెనకే ఉన్నాయి, లంగరు తలుపూ అటే ఉంది.

వీరభద్రానికి రోషం వచ్చింది. "ఎడమన్నారండి, ఎడమే పెట్టానండి," అంటూ గదిలోకి దిగి, వెనక గోడకేసి తిరిగి ఎడమ చెయ్యి చాపాడు. అటు తిరిగితే మనిషికి ఎడమ, పడవకు కుడి.

సూర్యారావుగారు అతనిమీద కేకలు మొదలుపెట్టేసరికి నాకు ఒళ్లు మండింది. "దాపలెద్దును ఎదురుగా వచ్చి చూస్తే అది వలపలెద్దయిపోతుందాండీ? మనం ఆ మాటే అని ఉంటే పోయేది కదా," అన్నాను. నాగలి వెనక నడిచేవాడికి ఎడమది దాపల, కుడిది వలపల. చూసేవాడు ఎటు తిరిగినా ఆ పేర్లు మారవు. వీరభద్రం నవ్వేసి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

నేను సంతకం పెట్టలేదు. ప్రయాణం వెనక్కి పోయింది. పిల్లలు ఏడుస్తూ దిగారు. సూర్యారావుగారు మొహం తిప్పుకున్నారు. స్పీకర్లు, తలుపు దాపలకు మారాయి. ముల్లు నా చేతి దిక్సూచితో కలిశాక కాగితం ఇచ్చి వచ్చాను. వాళ్లు బయల్దేరిన రోజంతా ఆఫీసులో ఏ పనీ తోచలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన కాకినాడ చేరి ఫోన్ చేశారు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దాటగానే మంచు కమ్మేసి ఒడ్డు కనబడలేదట.

"పాటలు పెట్టలేదండి. అందరం ముల్లునే చూస్తూ కూర్చున్నాం," అన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా వడ్రంగులకు ఎడమ, కుడి అని చెప్పలేదు; దాపల, వలపల అనే చెప్పాను. పని చెప్పేవాడు చూసే వైపే చేసేవాడూ చూస్తాడన్న హామీ లేదు.